నాయన చూసిన స్పార్కు

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట మా ఇంట్లో అందరూ అంటారు, నేనూ కాదనను. కానీ కోపం రావలసిన చోట రాకుండా, నోట్లో నాలుక లేనిదానిలా నిలబడిపోయిన రోజు ఒకటుంది. ఆ రోజు నేను అరిచి ఉంటే ఈ నాలుగు ముక్కలు రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

మా నాయన బండ్లకు కరెంటు పని చేసే మేస్త్రీ. భద్రాచలంలో వంతెన దిగి కాస్త ముందుకొస్తే రోడ్డు పక్కన మా రేకుల షెడ్డు ఉండేది. జీపులు, లారీలు, ట్రాక్టర్లు, అడవి రోడ్ల మీద తిరిగి తిరిగి వైర్లు తెగిన బండ్లన్నీ అక్కడికే వచ్చేవి. ఆయన పనితనమంతా స్పార్కు చూడటంలో ఉండేది. ఇంజను నడుస్తుండగానే ప్లగ్గు మీది వైరు పీకి, ఇనుముకు వేలెడు దూరంలో పట్టుకునేవాడు. టిక్కు టిక్కుమని నిప్పు దూకేది. దాని రంగు చూసి, చప్పుడు విని, కాయిల్ పోయిందా, వైరు పోయిందా చెప్పేసేవాడు. ఆ సమయంలో డ్రైవర్లు టీ గ్లాసులు పట్టుకుని చుట్టూ మూగేవాళ్లు. ఒక్కోసారి వైరు జారి ఆయన చేతికే కొట్టేది. "ఏం కాలే, పలకరించింది" అని నవ్వేవాడు.

నేను ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేశాను. ఉద్యోగం రాలేదు. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని షెడ్డుకు వచ్చి కూర్చునేదాన్ని. మొదట్లో డ్రైవర్లకు అదొక వింత. తర్వాత అలవాటైపోయింది. అప్పటికి పట్నాల్లో పాతబడిన పెట్రోలు కార్లు మా వైపు రావడం మొదలైంది. వాటిలో పెట్రోలునూ స్పార్కునూ ఒక చిన్న అల్యూమినియం డబ్బా నడిపిస్తుంది. కాగితాల మీద దాని పేరు ఈసీఎం. షెడ్డులో అందరూ కంప్యూటర్ డబ్బా అనేవాళ్లు. నాయనకు ఆ డబ్బా అంటే గిట్టదు. మూత తీయడానికి లేదు, లోపల ఏముందో కనపడదు, చెవి పెట్టి వింటే చప్పుడు రాదు. "గీ బండ్లకు మేస్త్రీ ఎందుకు, డాక్టరు కావాలె" అని విసుక్కునేవాడు. వాటి వైరింగు పటాల జిరాక్సులు నేను సంపాదించి చదివి వినిపించేదాన్ని. వినేవాడు, కానీ మొహం మాత్రం మాడ్చుకునేవాడు.

అలాంటి కారే ఒకటి కారన్నది. కారన్న అసలు పేరు నాకు తెలుసు, రాయను. దుమ్ముగూడెం దాటి లోపలికి వెళ్తే వచ్చే ఒక కోయ పల్లె అతనిది. ఒక కాంట్రాక్టరు దగ్గర జీపు నడిపి నడిపి, చివరికి ఖమ్మంలో ఎవరో వదిలించుకుంటున్న తెల్ల కారు కొనుక్కున్నాడు. సంతకు జనాన్నీ, దవాఖానాకు రోగులనూ కిరాయికి తిప్పేవాడు. ఇదంతా అందరూ చేసే పనే. అతను ఒక్కడే చేసే పని ఇంకోటుంది. దవాఖానాలో ఎవరైనా చనిపోతే, శవాన్ని అడవిలోని ఊరికి చేర్చేవాడు.

మా దగ్గర మిగతా డ్రైవర్లు శవాన్ని ఎక్కించేవాళ్లు కాదు. ఒకసారి ఎక్కించారని తెలిస్తే పెళ్లి కిరాయిలు పోతాయి, పసిపిల్లల తల్లులు ఆ సీట్లో కూర్చోరు. అంబులెన్సులు ప్రాణం ఉన్నవాళ్లకే. ఇంక అడవి పల్లెల వాళ్లు తమ మనిషిని ఏం చేసుకోవాలి? కారన్నకు పదిహేనేళ్లప్పుడు తల్లి అదే దవాఖానాలో పోయిందట. బండి దొరకక తండ్రీ కొడుకులు ఆమెను మంచానికి కట్టి భుజాల మీద మోసుకుంటూ ఊరు చేరారట. పొద్దున బయలుదేరితే పొద్దు గూకేదాకా నడిచారట. అందుకే ఎవరు వచ్చి అడిగినా కాదనేవాడు కాదు. కాంట్రాక్టరు జీపు నడిపినప్పుడు కుదరలేదని, సొంత కారు కొన్నదే అందుకని ఒకసారి నాతో అన్నాడు.

తోటి డ్రైవర్లు ఎగతాళి చేస్తే నవ్వేవాడు. "నా బండికేం తెల్సు, ఎనక పండుకున్నోడు ఊపిరి తీస్తుండో లేదో" అనేవాడు. ఆ మాటకు అందరికన్నా గట్టిగా నవ్వింది మా నాయనే. ఆయన షెడ్డుకు నిమ్మకాయ కూడా కట్టనిచ్చేవాడు కాదు. కరెంటు తప్ప దేన్నీ నమ్మడని ఆయనకు పేరు.

ఆ ఎండాకాలం కారన్న కారు దారిలో ఆగిపోవడం మొదలుపెట్టింది. పొద్దున బాగానే నడిచేది. వేడెక్కాక ఠక్కున ఆగిపోయేది. అరగంట చల్లారితే మళ్లీ స్టార్టయ్యేది. నాయన కాయిల్ మార్చాడు, పెట్రోలు పంపు మార్చాడు. బండి మూడుసార్లు వెళ్లి మూడుసార్లూ తిరిగొచ్చింది. "శవం ఉన్నప్పుడు ఆగితే ఎట్ల మేస్త్రీ? ఎండ గిట్ల కొడుతున్నది. ఆళ్లు రోడ్డు మీద ఆ పీనుగను పెట్టుకుని ఏం జేస్తరు?" అన్నాడు కారన్న. అతని భయమంతా అదే. కిరాయి జనం దిగి నడిచిపోతారు, శవం నడవదు కదా.

ఒక మధ్యాహ్నం ఇంజను కాగుతున్నప్పుడు నేను ఎడమ సీటు ముందున్న డ్రాయరు ఊడదీసి, దాని వెనకున్న డబ్బాను స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టాను. ఇంజను దగ్గింది. మళ్లీ తట్టాను. ఆగిపోయింది. తడిగుడ్డ పెట్టి చల్లబరిచాక స్టార్టయింది. రోగం ఎక్కడుందో ఇంక అడగక్కర్లేదు. నాయన వెళ్లి బీడీ కాల్చుకున్నాడు.

ఆ డబ్బా మీద ఒక నంబరుంటుంది, సరిగ్గా అదే నంబరుది దొరకాలి. బెజవాడలో పాత బండ్ల సామాన్లు అమ్మేవాళ్లకు కబురుపెడితే పది రోజులకు బస్సు పార్శిల్లో వచ్చింది. తాళంచెవిలో చిప్పు లేని కాలపు కారు కాబట్టి ఇంక వేరే తంటా ఏమీ లేదు, పెట్టి బిగిస్తే చాలు. ఆ పొద్దున నేను జిరాక్సు కాగితం పట్టుకుని సీటు మీద కూర్చున్నాను. బ్యాటరీ వైరు తీయాలన్నాను, తీశాడు. కాసేపు ఆగాలన్నాను, ఆగాడు. కనెక్టర్లు పిన్నులు వంగకుండా పెట్టాడు, ఎర్తు బోల్టు గరుకు కాగితంతో తోమి బిగించాడు. ఆయన చేతి పని ఎప్పుడూ ముచ్చటగానే ఉండేది. జిరాక్సు అడుగున పెద్దక్షరాల్లో ఉన్న ఒక హెచ్చరిక రెండుసార్లు చదివాను. "నాయనా, ఇంజను నడుస్తున్నప్పుడు ప్లగ్గు వైరు పీకొద్దంట. పీకితే డబ్బా కాలుద్దంట." "ఇన్న లే, చెవుడు రాలే నాకు" అన్నాడు.

ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. గంటసేపు ఎండలో నడిపి చూశాం, ఆగలేదు. కారన్న మొహం చూడాలి అప్పుడు. నాకు దండం పెట్టబోతే సిగ్గేసి తిట్టాను.

అప్పటికి చుట్టూ నలుగురు డ్రైవర్లు చేరారు. అందులో ఒక లారీ ఆయన, వేళాకోళం అతని నోట్లో ఎప్పుడూ ఊరుతూ ఉంటుంది, "ఏం మేస్త్రీ, ఇగ స్పార్కు గూడ నీ బిడ్డనే చూస్తదా? నువ్వు ఇంటికి పోయి పండుకో" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. నాయన నవ్వలేదు. ఊగుతున్న ఇంజను మీదికి వంగి, ముప్పై ఏళ్లుగా చేస్తున్నట్టే, ప్లగ్గు వైరు పట్టుకుని పీకి ఎత్తిపట్టాడు.

అంత పొడుగు స్పార్కు నేనెప్పుడూ చూడలేదు. నీలంగా, కొరడాతో కొట్టినట్టు చప్పుడు చేస్తూ దూకింది. ఇంజను ఒక్కసారి తడబడింది. డ్యాష్‌బోర్డు మీద, ఇంజనులో లోపముంటే వెలిగే పసుపు లైటు వెలిగి ఆరిపోయింది. ఆయన వైరు మళ్లీ తొడిగేశాడు. ఇంజను సర్దుకుంది. "చూసిన్రా? స్పార్కంటే గట్ల దుంకాలె" అన్నాడు. లారీ ఆయన చప్పట్లు కొట్టాడు.

నాయన నా వైపు చూశాడు. ఒక్క క్షణమే. చూడలేదని నాతో నేను చాలాసార్లు చెప్పుకున్నాను గానీ, చూశాడు. ఆ లైటు నాకు ఒక్కదానికే కనపడింది, సీటు మీద కూర్చున్నది నేనే కాబట్టి. "కారన్నా, నాలుగు రోజులు దూరం పోకు, చూద్దాం" అంటే సరిపోయేది. అంతమందిలో ఆయన తల దించుతానేమోనని ఆగిపోయాను. కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. కారన్న హారను కొట్టుకుంటూ వెళ్లిపోయాడు.

మూడో రోజు ఒక ముసలాయన శవం. వెంట ఇద్దరు కొడుకులు. దుమ్ముగూడెం దాటి తారు రోడ్డు అయిపోయి మట్టిదారి మొదలైన చోట, నడి మధ్యాహ్నం కారు ఆగింది. ఈసారి చల్లారినా కదల్లేదు. కొడుకులు కర్రకు దుప్పటి కట్టి తండ్రిని డోలీలో వేసుకుని మిగతా దారంతా మోసుకుపోయారు. కారన్న కారు వదల్లేక అక్కడే ఉండిపోయాడు. మర్నాడు ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చాడు.

నాయన డ్రాయరు ఊడదీసి డబ్బా దగ్గర ముక్కు పెట్టాడు. నాకూ వచ్చింది కాలిన వాసన. కారన్న కళ్లు లోపలికి పోయాయి, నిద్రలేదు, తిండి లేదు. "ఏమైంది మేస్త్రీ?" అన్నాడు. లారీ ఆయన, మరో ఇద్దరు అక్కడే ఉన్నారు. నాయన చాలాసేపు డబ్బానే తిప్పి తిప్పి చూశాడు.

"శవం ఎక్కిచ్చినవా?" అన్నాడు.

"అవ్."

"ఎంతమంది చెప్పిన్రు నీకు? ఇన్నవా? డబ్బా పెట్టి మూడొద్దులు కాలే. గాలి సోకింది తమ్మీ బండికి. గది తప్ప ఇంకేంది?"

నేను విన్నది నిజమేనా అనుకున్నాను. నిమ్మకాయ కట్టనివ్వని మనిషి. కారన్న మొహంలో రంగు మారింది. "నువ్వు గూడ అంటున్నవా మేస్త్రీ?" అన్నాడు. ఆ గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఊళ్లో అందరూ అన్నప్పుడు నవ్వినవాడు, వాళ్ల ఊరి పెద్దలు అన్నప్పుడు కూడా నవ్వినవాడు, మా నాయన అంటే నమ్మాడు. బండి గురించి మా నాయన అబద్ధం చెప్పడు కదా మరి.

అప్పుడైనా నోరు విప్పాల్సింది. నాయన మీద కోపంతో ఒళ్లు మండిపోతోంది. అయినా షెడ్డు వెనక్కి వెళ్లి చేతులు కడుక్కున్నాను, ఏ మురికీ లేకపోయినా.

నాయన బెజవాడ నుంచి ఇంకో డబ్బా తెప్పించాడు, కారన్నకు చెప్పకుండా. పాతదాన్నే బాగుచేశానన్నాడు, పైసా తీసుకోలేదు. ఈసారి బ్యాటరీ వైరు నేను చెప్పకుండానే తీశాడు, గడియారం చూసుకుని మరీ ఆగాడు. ఇంజను నడుస్తుంటే బానెట్ దగ్గరికి కూడా పోలేదు. ఆయనకు అంతా తెలుసని నాకు అప్పుడు అర్థమైంది. తర్వాత కారన్నను దగ్గరికి పిలిచి, "ఇగ పీనుగలను ఎక్కియ్యనని మాటియ్యి" అన్నాడు. కారన్న ఆయన చేతిలో చెయ్యి వేశాడు. కారు ముందు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టుకుని వెళ్లాడు.

నాయన ఎందుకు మాట తీసుకున్నాడో చాలా ఆలోచించాను. శవాలు మోస్తూనే ఉండి, బండి ఏమీ కాకుండా తిరిగితే, తన మాట అబద్ధమని తేలిపోతుందని కావచ్చు. ఆయన్ను అడగలేదు. వారం రోజులు ఆయన ముందు అన్నం గిన్నె విసిరినట్టు పెట్టాను, అంతే నా కోపం.

వానలు మొదలయ్యాక నాకు దుమ్ముగూడెంలో ఒక హాస్టలు బడిలో పిల్లలకు కంప్యూటర్ నేర్పే పని దొరికింది. రోజూ పొద్దున బస్సులో వెళ్లి సాయంత్రం వచ్చేదాన్ని. ఒక పొద్దున దవాఖానా దగ్గర ఒక జంట ఎక్కింది. ఆమె నా పక్కన కూర్చుంది. ఒళ్లో పాప, నెత్తి నుంచి కాళ్ల దాకా చీరముక్క కప్పి ఉంది. భర్త సీటు కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు, చంకలో ప్లాస్టిక్ సంచి. కండక్టరు టికెట్లు కొడుతూ, "పాపకు జెరమా?" అన్నాడు. "అవ్ సారూ, తగ్గింది. నిద్రపోయింది" అంది ఆమె. చాలా మామూలుగా అంది.

రోడ్డంతా గుంతలు. బస్సు ఎగిరినప్పుడు చీరముక్క జరిగి పాప కాలు బయటికి వచ్చి నా మోకాలికి తగిలింది. చిన్న పాదం, మడమకు పసుపు. నేను దాన్ని సర్దబోయి పట్టుకున్నాను. చల్లగా ఉంది. వానకు చల్లబడిన చల్లదనం కాదు అది.

ఆమె నా మొహంలోకి చూసింది. పెదవులు కదిలీ కదలకుండా, "చెప్పకు అక్కా. దించేస్తరు" అంది.

నేను చెప్పనని తల ఊపాను. పాప కాళ్లు రెండూ నా ఒళ్లోకి తీసుకుని నా కొంగు కప్పాను. ఆమె ఏడవడం లేదు. ఏడిస్తే తెలిసిపోతుంది. మధ్యమధ్య పాప వీపు మీద జోకొడుతోంది, చూసేవాళ్ల కోసం. నేను ఆ జోకొట్టే చెయ్యి చూడలేక కిటికీ వైపు తిరిగాను. కొంతదూరం పోయాక మెల్లగా, "బండ్లు ఏమీ దొరకలేదా?" అన్నాను.

"కారన్నను అడిగినం. మా దిక్కు ఆయనే తెచ్చేటోడు. ఇప్పుడు తెస్తలేడు. మేస్త్రీకి మాటిచ్చిననని ఏడ్చిండు" అంది.

నా స్టాపు వచ్చింది, నేను దిగలేదు. వాళ్లు దిగేదాకా కూర్చున్నాను. దిగి బస్సు కదిలాక ఆమె రోడ్డు మీద కూలబడి గొంతెత్తి ఏడ్చింది. వెనక అద్దంలోంచి కనపడినంతసేపూ చూశాను. గంటన్నరసేపు ఆమె ఆ ఏడుపును లోపల తొక్కిపెట్టి కూర్చుంది. అది మా షెడ్డులో మొదలైన పని.

ఆ సాయంత్రం నాయనకు అంతా చెప్పాను. అరవలేదు. అరవడానికి ఓపిక లేదు. ఆయన చేతిలో ఉన్న బల్బు హోల్డరు బల్ల మీద పెట్టి, "ఎంత పిల్ల?" అన్నాడు. "మూడేళ్లు ఉంటయేమో" అన్నాను. మర్నాడు ఆయన కారన్నకు కబురు పంపాడు.

కారన్న వచ్చాక నాయన ఆ పాప సంగతి చెప్పి, అలమారలోంచి గుడ్డలో చుట్టి దాచిన డబ్బా తీశాడు. అది అక్కడుందని నాకూ తెలియదు. బిగించిన మూతను పెకిలించి, లోపల నల్లగా కాలిన చోటు వేలితో చూపించాడు. "ఇగో, గిది శవం జేసింది కాదు. నేను జేసింది. బిడ్డ వద్దని చెప్పింది, నేను ఇనలే. వైరు పీకిన. అప్పుడే కాలింది. నీతోని అబద్ధమాడిన తమ్మీ." నాయన ఒకరి ముందు అలా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది, కోపం పోయి కాదు, కోపంతోనే.

కారన్న ఆ నల్లమచ్చను వేలితో తడిమాడు. తర్వాత నాయన భుజం మీద చెయ్యి వేశాడు. "ఆ పిల్ల సంగతి ఇని నీ మనసు ఇరిగింది మేస్త్రీ. అందుకే నీ మీద ఏసుకుంటున్నవ్" అన్నాడు.

"నా బిడ్డ మీద ఒట్టు."

"ఒట్లెందుకు. ఆ రోజు పీనుగను తీస్కపోయినంక అడివిల బండికాడ నేనొక్కన్నే ఉన్న, తెల్లారేదాక. నువ్వు లేవు. ఏమొచ్చి నా పక్క సీట్ల కూసున్నదో నాకు తెల్సు."

అప్పుడు నాకు పట్టలేని కోపం వచ్చింది, అన్నాళ్లూ రానిదంతా ఒక్కసారే. "నేను చూసిన అన్నా! లైటు వెలిగింది నేను చూసిన, నా కండ్లతోని. ఎవ్వలూ వచ్చి కూసోలే. కంప్యూటర్ డబ్బా కాలింది, అంతే!" అని రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూసేలా అరిచాను.

కారన్న నా మీద కోప్పడలేదు. నిజంగానే తెలుసుకుందామన్నట్టు అడిగాడు: "మరి ఆ రోజే ఎందుకు చెప్పలే చెల్లె?"

నేను కాలిన డబ్బాను మళ్లీ గుడ్డలో చుట్టడం మొదలుపెట్టాను. కారన్న కారెక్కి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆ కారు ఉన్నన్నాళ్లూ ఎక్కడా ఆగలేదు, శవాన్నీ ఎక్కించుకోలేదు. నాయన మళ్లీ ఎవరి బండి స్పార్కూ చూడలేదు. డ్రైవర్లు అడిగితే చూపు తగ్గిందని చెప్పేవాడు.

ఆ రూట్లో ఇప్పటికీ అప్పుడప్పుడు బస్సెక్కుతాను. ఎవరి ఒళ్లోనైనా పిల్ల నిద్రపోతుంటే ముందు దాని కాళ్లకేసి చూస్తాను. అవి కదిలేదాకా నా స్టాపు వచ్చినా లేవలేను.